లక్షణాలు లేని కరోనా: నల్లగొండ, పాలమూరు వైపు జనం తరచుగా అడిగే ప్రశ్నలు

పీహెచ్‌సీ వరండాల్లో, ఆశా వర్కర్ల దగ్గర, మెడికల్ షాపుల ముందు జనం అడిగే ప్రశ్నలివి. కొన్ని 2020 నుంచీ అడుగుతూనే ఉన్నారు, కొన్ని ఈమధ్య మొదలైనవి. వైరస్ రూపాలు మార్చుకుంటూ మన మధ్యే ఉంది కాబట్టి ఏదీ పాతబడలేదు.

జ్వరం లేదు, దగ్గు లేదు, ఒళ్లునొప్పులు లేవు. మరి పాజిటివ్ ఎట్లా వచ్చింది?

పరీక్ష చూసేది వైరస్‌ను, జబ్బును కాదు. ముక్కులోనో గొంతులోనో వైరస్ ఉందా లేదా అన్నంతవరకే అది చెబుతుంది. మనకు పైకి తెలిసే జ్వరం, ఒళ్లునొప్పులు చాలావరకు వైరస్‌ను వెళ్లగొట్టడానికి మన ఒళ్లు చేసే హడావుడి. కొందరి ఒంట్లో ఆ పని చప్పుడు లేకుండానే అయిపోతుంది. వైరస్ వస్తుంది, పెరుగుతుంది, పోతుంది. మనిషి మాత్రం రోజూలాగే తింటాడు, పడుకుంటాడు, పనికి పోతాడు.

ఇది కరోనాకే ఉన్న వింత గుణం కాదు. పోలియో వైరస్ సోకిన పిల్లల్లో దాదాపు 70 శాతం మందికి ఏ లక్షణమూ ఉండదు. సుమారు 200 మందికి సోకితే ఒకరికి కాళ్లు పడిపోతాయి. అందుకే ఎక్కడో ఒక్క కేసు తేలినా ఆ చుట్టుపక్కల పిల్లలందరికీ చుక్కల మందు వేస్తారు. ఒక్కరు కనిపించారంటే కనబడనివాళ్లు వందల్లో ఉన్నారని లెక్క.

లక్షణాలు అసలే రానివాళ్లు, ఇంకా రానివాళ్లు ఒకటేనా?

కాదు. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే.

వైరస్ ఒంట్లోకి వచ్చాక లక్షణాలు బయటపడడానికి 2 నుంచి 14 రోజులు పడుతుంది. 2020లో వచ్చిన రకానికి సగటున 5 రోజులు పట్టేది, ఒమిక్రాన్ రకం వచ్చాక అది 3 రోజులకు తగ్గింది. సోమవారం పరీక్షలో పాజిటివ్ వచ్చిన మనిషి బాగానే ఉండి, గురువారం జ్వరంతో పడుకుంటే ఆయన లక్షణాలు లేని మనిషి కిందికి రాడు. లక్షణాలు ఇంకా రాని మనిషి, అంతే.

దీనికి మంచి ఆధారం రెండు ఓడలు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకోహామా దగ్గర నిలిపేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మంది ఉన్నారు. 712 మందికి పాజిటివ్ వచ్చింది. పరీక్ష చేసిన నాటికి వాళ్లలో దాదాపు సగం మందికి ఏ లక్షణమూ లేదు. ఆ తర్వాత అమెరికా నౌకాదళానికి చెందిన థియోడర్ రూజ్‌వెల్ట్ ఓడలో 1,271 మందికి సోకింది. అందరూ దాదాపు కుర్రవాళ్లే, ఆరోగ్యవంతులే. పరీక్ష రోజున 77 శాతం మంది ‘నాకేం లేదు’ అన్నారు. తర్వాత కూడా వాళ్లను కనిపెట్టి చూస్తే, చివరిదాకా ఏ లక్షణమూ రానివాళ్లు 45 శాతమే మిగిలారు.

కాబట్టి పాజిటివ్ వచ్చిన రోజే ‘నాకేం కాలేదు’ అని నిమ్మళించకండి. ఆ మాట చెప్పాల్సింది రెండు వారాలు గడిచాక.

మా ఊళ్లో చాలామంది ‘మాకేం లక్షణాల్లేవు’ అన్నారు. వాళ్ల మాట నమ్మొచ్చా?

అబద్ధం చెప్పారని కాదు. కానీ ఆ ప్రశ్న అడిగే తీరులోనే లోపం ఉంది.

2021లో సెకండ్ వేవ్ వచ్చింది ఏప్రిల్, మే నెలల్లో. మన దగ్గర అది యాసంగి వడ్లు కల్లాల మీదికి వచ్చే సమయం. ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో వడ్లు తూర్పార పడుతుంటే దుమ్ము కమ్మేస్తుంది. తలకు, ముక్కుకు తువ్వాల చుట్టుకున్నా సాయంత్రానికి గొంతు గరగరలాడుతుంది, ముక్కులో నల్లగా చేరుతుంది, రెండు తుమ్ములు వస్తాయి. హమాలీకి రోజంతా బస్తాలు మోస్తే నడుము, భుజాలు నొప్పులు మామూలే. ఎండకు తల భారంగా ఉండడం అందరికీ ఉండేదే. ఆశా వర్కర్ వచ్చి ‘గొంతునొప్పి ఉందా, ఒళ్లునొప్పులున్నాయా’ అంటే ఆ మనిషి నిజాయితీగానే ‘ఏం లేదమ్మా’ అంటాడు. ఎందుకంటే అది అతనికి ఏటా ఉండేదే.

అడగాల్సింది ఇంకోలా: ‘ఈ నాలుగు రోజుల్లో కొత్తగా ఏమైనా ఉందా? పప్పుచారు వాసన తెలుస్తోందా? నిన్న మోసినన్ని బస్తాలు ఇవాళ మోయగలిగావా?’ ఇలా అడిగితే ‘లేవు’ అన్నవాళ్లలో కొందరు ‘ఆఁ, మొన్న ఒక పూట నీరసంగా ఉండె’ అంటారు. లక్షణాలు లేనివాళ్ల లెక్కలో ఇలాంటివాళ్లు ఎప్పుడూ కొంతమంది కలిసిపోతారు. కూలికి పోతేనే పూట గడిచే ఇంట్లో నీరసాన్ని జబ్బు కింద లెక్కపెట్టుకునే తీరిక ఉండదు.

అయితే వందలో ఎంతమందికి అసలు లక్షణాలు రావు?

ఒకే అంకె లేదు. సోకినవాళ్లను రెండు వారాలైనా వదలకుండా గమనించిన అధ్యయనాలను కలిపి చూస్తే వందలో 20 మంది అని కొన్ని, మూడోవంతు అని కొన్ని తేల్చాయి. ఇటలీలో వో అనే చిన్న ఊళ్లో 2020లో దాదాపు ఊరందరికీ పరీక్ష చేశారు. అక్కడ పాజిటివ్ వచ్చినవాళ్లలో 40 శాతానికి పైగా ఏ లక్షణమూ లేకుండా ఉన్నారు. వయసు, టీకా, వైరస్ రకం, ఎన్ని రోజులు గమనించారు అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. ‘80 శాతం మందికి లక్షణాలే ఉండవు’ అని అప్పట్లో వాట్సాప్‌లో తిరిగిన లెక్కలో స్వల్ప లక్షణాలున్నవాళ్లనూ, ఇంకా రానివాళ్లనూ కలిపేశారు.

మన దగ్గర ఎంతమందికి తెలియకుండా వచ్చిపోయింది?

దీనికి కొంత లెక్క ఉంది, అందులో నల్లగొండ కూడా ఉంది. భారత వైద్య పరిశోధన మండలి దేశంలో 70 జిల్లాలు ఎంచుకుని రక్తంలో యాంటీబాడీలు (వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీన్లు) చూసే సర్వే నాలుగు విడతలు చేసింది. తెలంగాణ నుంచి ఎంచుకున్నవి నల్లగొండ, కామారెడ్డి, జనగామ. మన రాష్ట్రంలో ఆ పని చూసింది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. మొదటి విడతలో జిల్లాకు 10 ఊళ్లు లేదా వార్డులు తీసుకుని, ఒక్కోచోట 40 మంది దగ్గర రక్తం తీశారు.

2020 మేలో తెలంగాణ జిల్లాల్లో యాంటీబాడీలు కనిపించింది 0.33 శాతం మందిలో. అదే ఏడాది డిసెంబర్‌కు వచ్చేసరికి అది 24 శాతం దాటింది. 2021 జూన్‌లో 60 శాతం. అప్పటికి టీకాలు మొదలయ్యాయి కాబట్టి చివరి అంకెలో టీకా వాటా కూడా ఉంది. డిసెంబర్ నాటి అంకెలో అది లేదు, టీకాలు మొదలైందే 2021 జనవరి 16న. అంటే నలుగురిలో ఒకరికి దగ్గరగా అప్పటికే సోకింది. ఊళ్లో నలుగురిలో ఒకరికి పాజిటివ్ అని అప్పుడు మీరెవరైనా విన్నారా?

దేశం మొత్తం మీద తేలిందేమిటంటే, 2020 ఆగస్టు నాటికి లెక్కకెక్కిన ఒక్కో కేసుకు అసలు సోకినవాళ్లు 26 నుంచి 32 మంది ఉన్నారు. వాళ్లందరూ లక్షణాలు లేనివాళ్లే అనుకోవద్దు. పరీక్ష దొరకనివాళ్లు, భయపడి పోనివాళ్లు, సర్ది అనుకుని గోలీ వేసుకున్నవాళ్లు కూడా అందులోనే ఉన్నారు. హైదరాబాద్‌లో 30 వార్డుల్లో చేసిన ఇంకో సర్వే ఫలితాలు 2021 మార్చిలో వచ్చాయి. 54 శాతం మందిలో యాంటీబాడీలు ఉన్నాయి, వాళ్లలో 75 శాతం మందికి తమకు కరోనా వచ్చిపోయిన సంగతే తెలియదు.

కొందరికే ఎందుకిలా? ఒకే ఇంట్లో ఒకరు ఐసీయూ, ఒకరు మామూలు.

కారణాలు చాలా ఉన్నాయి, ఏ ఒక్కటీ అందరికీ సరిపోదు. వాటిలో వయసు పెద్దది. పిల్లలు, పడుచువాళ్లు తేలిగ్గా బయటపడతారు. షుగర్, బీపీ, కిడ్నీ జబ్బు ఉంటే కరోనా ముదిరే ప్రమాదం పెరుగుతుంది. మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఒళ్లు ఎంత చురుగ్గా స్పందిస్తే వైరస్‌కు అంత తక్కువ సమయం దొరుకుతుంది.

జన్యువుల పాత్ర కూడా ఉందని 2023లో ఒక పరిశోధన చూపించింది. అమెరికాలో ఎముక మజ్జ దాతల జాబితాలో ఉన్న దాదాపు 30 వేల మందిని టీకాలు రాకముందు నుంచీ గమనించారు. ఏ లక్షణమూ రానివాళ్లలో ఐదుగురిలో ఒకరికి హెచ్ఎల్ఏ-బి 15:01 అనే జన్యు రకం ఉంది. ఆ రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వచ్చినవాళ్లు లక్షణాలు లేకుండా బయటపడే అవకాశం మిగతావాళ్లకంటే ఎనిమిది రెట్లకు పైగా ఉంది. మామూలు జలుబు తెచ్చే పాత కరోనా వైరస్‌లను చూసి ఉన్న వాళ్ల కణాలు కొత్తదాన్నీ గుర్తుపట్టాయని పరిశోధకులు తేల్చారు. అయితే విశ్లేషించింది తెల్లజాతివాళ్ల వివరాలే. మన దగ్గరా అదే నిష్పత్తి అని చెప్పలేం.

ఎండలో పనిచేసేవాళ్లం, కారం తింటాం, కల్లు తాగుతాం. మాకు రాదంటారే?

వస్తుంది. 2021లో కేసులు ఎక్కువగా పెరిగింది నల్లగొండలో బండలు పగిలే ఎండల్లోనే. పొలంలో, బయట గాలిలో పనిచేసేటప్పుడు అంటుకునే అవకాశం తక్కువన్నది మాత్రం నిజం. దానికి కారణం గాలి. కారానికీ కల్లుకూ ఏ పాత్రా లేదు. పైగా కల్లు దుకాణంలో అందరూ ఒకచోట కూర్చుని గట్టిగా మాట్లాడుకుంటారు, అది ఇంకో సంగతి.

దగ్గూ తుమ్మూ లేకపోతే ఎదుటివాళ్లకు ఎట్లా అంటుతుంది?

మాట్లాడితే చాలు. ఊపిరి వదిలినా, మాట్లాడినా, పాడినా కంటికి కనబడనంత సన్నని తుంపరలు గాలిలోకి వస్తాయి. అవి కిటికీలు మూసిన గదిలో చాలాసేపు తేలుతూ ఉంటాయి. ఏసీ ఫంక్షన్ హాల్లో డీజే మోతలో ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటూ మాట్లాడేది, చలికి అద్దాలు మూసిన ఆర్టీసీ బస్సులో మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ దాకా పక్కపక్కన కూర్చునేది, చిన్న గుడిలో రాత్రంతా భజన చేసేది, ఇవన్నీ దగ్గుతో పనిలేకుండా అంటించే చోట్లే. అదే మనిషి కల్లంలో పది అడుగుల దూరంలో ఉంటే దాదాపు భయం లేదు.

లక్షణాలున్నవాళ్లు అంటించినంతగా లేనివాళ్లు కూడా అంటిస్తారా?

మనిషికి మనిషిని పోలిస్తే తక్కువే. చివరిదాకా లక్షణాలు రానివాళ్ల నుంచి అంటుకునే అవకాశం లక్షణాలున్నవాళ్ల నుంచి ఉన్నదాంట్లో మూడోవంతు దాకా ఉంటుందని అధ్యయనాలను కలిపి చూసిన లెక్కలు చెబుతున్నాయి. వాళ్ల ఒంట్లోంచి వైరస్ త్వరగా పోతుంది, దగ్గు తుమ్ములు లేవు కాబట్టి బయటికి వచ్చేదీ తక్కువ.

కానీ జ్వరం వచ్చిన మనిషి మంచాన పడతాడు, జనం కూడా దూరంగా ఉంటారు. ఏమీ లేని మనిషి చిట్టీ కట్టడానికి పోతాడు, అంగడికి పోతాడు, పెండ్లి పత్రికలు పంచడానికి పది ఇళ్లు తిరుగుతాడు. 2020 ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ చుట్టూ ఒకరి నుంచి ఒకరికి పాకి ఆ జిల్లాలో కేసులు 80 దాటాయి. మార్కెట్ అంటేనే బాగున్నవాళ్లు కలిసే చోటు.

అన్నిటికంటే ప్రమాదం లక్షణాలు ఇంకా రాని మనిషితో. జ్వరం మొదలవడానికి ముందు ఒకటి రెండు రోజులు, మొదలైన రోజు, ఈ సమయంలోనే ముక్కులో, గొంతులో వైరస్ బాగా ఎక్కువగా ఉంటుంది. ఆ రోజుల్లో ఆయనకూ తెలియదు, మీకూ తెలియదు.

ఇంటింటి సర్వేలో టెంపరేచర్ గన్‌తో చూస్తే నార్మల్ వచ్చింది. అది చాలదా?

2021 మే నుంచి తెలంగాణలో ఆశాలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ తిరిగి జ్వర సర్వే చేశారు. జ్వరం ఉంటే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా మందుల కిట్ చేతికిచ్చారు. ఆ పని చాలామంది ప్రాణాలు కాపాడిందనే నా నమ్మకం, ఎందుకంటే ఆలస్యం తగ్గింది. మండుటెండలో తిరిగిన ఆశాలకు దక్కాల్సినంత పేరు దక్కలేదు కూడా. కానీ జ్వర సర్వే పట్టేది జ్వరాన్నే. లక్షణాలు లేనివాళ్లు ఆ జల్లెడలో నిలవరు. షాపు ముందు నుదుటికి పెట్టే థర్మామీటర్ కూడా అంతే. ఎండలో నుంచి వచ్చిన మనిషికి ఎక్కువ చూపిస్తుంది, వైరస్ ఉండి జ్వరం లేని మనిషిని పంపించేస్తుంది.

ర్యాపిడ్‌లో నెగటివ్, ఆర్‌టీ-పీసీఆర్‌లో పాజిటివ్. ఏది నమ్మాలి?

పాజిటివ్‌ను నమ్మండి. ర్యాపిడ్ పరీక్షకు వైరస్ ఎక్కువ మోతాదులో ఉంటేనే కనబడుతుంది. లక్షణాలున్నవాళ్లలో అది వందకు 72, 73 మందిని పట్టుకుంటే, లేనివాళ్లలో 55 నుంచి 58 మందినే పట్టుకుంటుందని అనేక అధ్యయనాలు కలిపి చూసిన సమీక్షల్లో తేలింది. అంటే లక్షణాలు లేని మనిషికి ర్యాపిడ్ నెగటివ్ వచ్చిందంటే సగం మాటే చెప్పినట్టు. ర్యాపిడ్ పాజిటివ్ వస్తే మాత్రం ఇంకో పరీక్ష కోసం పరుగెత్తే పనిలేదు.

మూడు వారాలైనా నాకు పాజిటివే వస్తోంది. ఇంకా అంటిస్తున్నానా?

దాదాపు ఖాయంగా లేదు. పీసీఆర్ చచ్చిన వైరస్ ముక్కలను కూడా పట్టుకుంటుంది. ఆ ముక్కలు కొన్ని వారాలు, కొందరిలో మూడు నెలల దాకా ఉండొచ్చు. అందుకే ఐసొలేషన్ పూర్తయ్యాక మళ్లీ పరీక్ష అక్కర్లేదని కేంద్ర ఆరోగ్యశాఖే చెప్పింది. అప్పట్లో కొన్ని కంపెనీలు, హాస్టళ్లు నెగటివ్ రిపోర్ట్ తెస్తేనే రానిస్తామని పట్టుబట్టి మనుషులను వారాలకొద్దీ పనికి దూరం చేశాయి. దానికి శాస్త్రం ఒప్పుకోదు. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్ల సంగతి వేరు, వాళ్లలో బతికున్న వైరసే ఎక్కువ రోజులు ఉండొచ్చు. వాళ్లు డాక్టర్‌ను అడగాలి.

లక్షణాలు లేకుండా పాజిటివ్ వచ్చింది. ఏ మందులు వేసుకోవాలి?

లక్షణాలు లేకపోతే కరోనాకంటూ వేసుకోవాల్సిన మందు లేదు. షుగర్, బీపీ గోలీలు మాత్రం ఆపొద్దు. వయసు మీద పడినవాళ్లు, పెద్ద జబ్బులున్నవాళ్లు ఒక్క ఫోనైనా చేసి డాక్టర్‌కు చెప్పి పెట్టుకోవాలి.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ‘ముందు జాగ్రత్త’ అని ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర స్టెరాయిడ్ గోలీ, ఇంజక్షన్ వేయించుకోవద్దు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైనవాళ్ల ప్రాణం నిలుపుతుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధన తేల్చింది. అదే పరిశోధన ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు దానివల్ల మేలేమీ లేదని కూడా చెప్పింది. జనం మొదటి సగం విని రెండో సగం వదిలేశారు. స్టెరాయిడ్ షుగర్‌ను ఎగదోస్తుంది, రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. 2021లో బ్లాక్ ఫంగస్ కేసులు అన్ని రావడానికి అదుపులో లేని షుగర్, విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్లే ముఖ్య కారణాలు. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. కషాయం, ఆవిరి హాయిగా ఉంటే కానివ్వండి, కానీ మరిగే నీళ్ల గిన్నె దగ్గరికి పిల్లలను రానివ్వకండి.

సీటీ స్కాన్ తీయించుకుంటే మంచిదా?

లక్షణాలు లేకుండా వద్దు. డైమండ్ ప్రిన్సెస్ ఓడలో లక్షణాలు లేని 76 మందికి సీటీ తీస్తే 54 శాతం మంది ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. అంటే ఏమీ తెలియని మనిషికి కూడా స్కాన్‌లో ఏదో ఒకటి కనబడే అవకాశం సగానికి పైనే. చికిత్స ఏమీ మారదు, టెన్షన్ మాత్రం పెరుగుతుంది. ఆ మచ్చలు చూసి భయపడే చాలామంది అవసరం లేని రెమ్‌డెసివిర్ ఇంజక్షన్ల కోసం పుస్తెలు తాకట్టు పెట్టారు.

మరి ఎప్పుడు భయపడాలి?

ఆక్సిజన్ తగ్గినా కొందరికి ఆయాసం తెలియదు. అందుకే వయసైనవాళ్లకు రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటర్ పనికొస్తుంది. గోటికి రంగు ఉంటే తుడిచేయాలి, వేలు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచాలి, కూర్చుని కాసేపు ఊపిరి నిదానించాక మధ్యవేలికి పెట్టాలి. అంకె కుదురుకునేదాకా ఆగాలి, మొదట కనబడిన అంకె చూసి గుండె జారిపోనక్కర్లేదు. 94 పైన ఉంటే సరే. తర్వాత ఇంట్లోనే ఆరు నిమిషాలు మామూలుగా నడిచి మళ్లీ చూడాలి. 94 కంటే తగ్గినా, నడక ముందుకంటే మూడు పాయింట్లకు మించి పడిపోయినా దవాఖానకు వెళ్లాలి. ఎదలో నొప్పి, మాట తడబడడం, అయోమయం, మూడు రోజులు దాటినా తగ్గని జ్వరం ఉంటే ఆక్సీమీటర్ ఎంత చూపించినా ఆగొద్దు.

ఇంట్లో ఉన్నది ఒకటే గది. విడిగా ఉండమంటే ఎట్లా?

2021 మేలో నల్లగొండ జిల్లాలో ఒక విద్యార్థి, ఇంట్లో విడిగా గది లేదని, చెట్టు మీద మంచె కట్టుకుని ఐసొలేషన్ గడిపాడు. అది పేపర్లలో ముచ్చటగా వచ్చింది. నిజానికి అది ముచ్చట కాదు, ఊరికొక గది చూపించలేకపోయిన మన చేతగానితనం. ఆ తర్వాతే చాలా ఊళ్లలో బడులు, హాస్టళ్లు తెరిచి మంచాలు వేశారు.

చెట్టెక్కకుండా చేయగలిగింది ఉంది. పాజిటివ్ వచ్చిన మనిషి మంచం వాకిట్లోకో పశువుల కొట్టం పక్కకో మార్చండి, దోమతెర కట్టండి. మన వాతావరణంలో ఏడాదిలో ఎక్కువ రోజులు అది కుదురుతుంది. వాన పడితే, చలి ఉంటే, గదిలోనే ఉండి కిటికీ, తలుపు రెండూ తీసి పెట్టాలి. గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోవాలి. అందరూ మాస్కు పెట్టుకోవాలి. తాత, నాయనమ్మలను వారం రోజులు పాలివాళ్ల ఇంటికి పంపగలిగితే అంతకంటే మంచి పని లేదు. గిన్నెలు, బట్టల మీద అంత అనుమానం అక్కర్లేదు, సబ్బుతో కడిగితే చాలు. 2020లో పాలప్యాకెట్లు కడుక్కుంటూ కూర్చున్నాం గానీ కిటికీ తీయడం మరిచిపోయాం.

ఎన్ని రోజులంటే, 2022కు ముందు 10 రోజులన్నారు. 2022 జనవరి నుంచి పాజిటివ్ వచ్చిన నాటి నుంచి 7 రోజులు, అందులో చివరి మూడు రోజులు జ్వరం ఉండకూడదు అని మార్చారు.

పిల్లలకు ఏమీ ఉండదు కదా, వదిలేయొచ్చా?

చాలామందికి ఏమీ ఉండదు. అయితే సోకిన రెండు నుంచి ఆరు వారాల తర్వాత ఎక్కడో ఒకరిద్దరికి ఒంట్లో పలు అవయవాలు లోపల వాచే జబ్బు కనిపించింది. డాక్టర్లు దాన్ని ఎంఐఎస్-సి అంటారు. తగ్గని జ్వరం, ఎర్రబడిన కళ్లు, ఒంటిమీద దద్దు, కడుపునొప్పి, వాంతులు దాని గుర్తులు. అప్పటిదాకా ఏ లక్షణమూ లేని పిల్లలకు కూడా రావొచ్చు, కాబట్టి ‘మావాడికి కరోనా రాలేదు’ అని కొట్టిపారేయకుండా ఇంట్లో ఎవరికైనా వచ్చి ఉంటే డాక్టర్‌కు ఆ మాట చెప్పండి. అరుదైనదే, సమయానికి చూపిస్తే నయమవుతుంది.

బాలింతకు పాజిటివ్. పాలివ్వొచ్చా?

ఇవ్వొచ్చు. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని ఇవ్వాలి. బిడ్డను తల్లి నుంచి విడదీసి డబ్బాపాలు పట్టడం వల్లే నష్టం ఎక్కువ.

లక్షణాలే రాలేదు. తర్వాత ఏమైనా మిగులుతుందా?

చాలామందికి ఏమీ మిగలదు. లక్షణాలు లేనివాళ్లలో కూడా కొందరికి నెలల తర్వాత నీరసం, ఆయాసం లాంటివి కనిపించాయి గానీ, జబ్బు బరువుగా వచ్చినవాళ్లతో పోలిస్తే చాలా తక్కువ. రెండు అంతస్తులు ఎక్కితే కొత్తగా ఆయాసం వస్తోందంటే చూపించుకోండి. అది కరోనా వల్లే కానక్కర్లేదు. మన దగ్గర రక్తహీనత, షుగర్ అంతకంటే ఎక్కువ మందిలో ఉన్నాయి, ముందు వాటిని చూడాలి.

టీకా వేసుకున్నాక కూడా పాజిటివ్ ఎందుకు?

టీకా బాగా చేసే పని, జబ్బు ముదరకుండా చూడడం. అసలు సోకకుండా ఆపే శక్తి కొన్ని నెలలకు తగ్గుతుంది, ఒమిక్రాన్ మీద ఇంకా తక్కువ. టీకా వేసుకుని, ఒకసారి వచ్చిపోయి కూడా ఉన్నవాళ్లకు మళ్లీ సోకినా ఎక్కువసార్లు పైకి తెలియకుండానే పోతుంది. రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేయించుకుని ‘నాకు వచ్చిపోయిందా’ అని తెలుసుకోవాలనే ఉబలాటానికి డబ్బులు పెట్టకండి. ఇప్పుడు దాదాపు అందరికీ ఉన్నట్టే చూపిస్తుంది.

నాకేం లక్షణాల్లేవు. మా నాయన కరోనా వచ్చి చనిపోయాడు. నావల్లేనా?

అది ఎవరూ తేల్చలేరు. ఇంట్లో ముగ్గురికి పాజిటివ్ వస్తే ముందు పరీక్ష చేయించుకున్నవాళ్లు ముందు తెచ్చినవాళ్లని కాదు. ఆశా వర్కర్, పాలు పోసే మనిషి, దవాఖానలో పక్క మంచం, ఎవరైనా కావొచ్చు, చివరికి నాయనే బయటి నుంచి తెచ్చుకుని ఉండొచ్చు. తెలియకుండా జరిగినదానికి నేరం ఉండదు. ఈ మాట మనసుకు ఎక్కడానికి సమయం పడుతుంది. నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే మానసిక సాయం చేసే 14416 టెలీమానస్‌కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఊరి సంగతి కూడా చెప్పుకోవాలి. 2020 మేలో ముంబై, పుణె నుంచి పాలమూరు వలస కూలీలు తిరిగి వచ్చినప్పుడు చేతిమీద క్వారంటైన్ ముద్ర వేసి పంపించారు. ముద్ర చూసి బావి దగ్గరికి రానివ్వనివాళ్లున్నారు, కిరాణా షాపులో సరుకులు ఇవ్వనివాళ్లున్నారు. వాళ్లలో చాలామంది బాగానే ఉన్నారు. అదే సమయంలో కారులో హైదరాబాద్ నుంచి వచ్చిపోయినవాళ్లను ఎవరూ అడగలేదు. వైరస్ చేతిమీద ముద్ర చూసి ఎక్కదు. అలా వెలివేయడం వల్ల ఆ తర్వాత జ్వరం వచ్చినవాళ్లు కూడా దాచిపెట్టుకున్నారు, నష్టపోయింది ఊరే.

ఇప్పుడు ఏ లక్షణమూ లేకుండా పరీక్ష చేయించుకోవాలా?

మామూలుగా అక్కర్లేదు. 2022 జనవరి నుంచి వైద్య పరిశోధన మండలి సలహా కూడా అదే. పాజిటివ్ వచ్చినవాళ్లతో కలిసి తిరిగినా, వయసు పైబడినవాళ్లో పెద్ద జబ్బులున్నవాళ్లో అయితేనే పరీక్ష.

ఎక్కువ మంది అడిగేది ఇంకోటి: ‘మొన్న పెండ్లికి పోయొచ్చిన, అక్కడ ఇద్దరికి పాజిటివ్ వచ్చిందట. రేపు డయాలసిస్ చేయించుకునే మా పెద్దమ్మను చూసిరావాలి, పోవాలా వద్దా?’ వారం ఆగగలిగితే ఆగండి, ఫోన్‌లో మాట్లాడండి. తప్పనిసరైతే బయల్దేరే రోజు ర్యాపిడ్ కిట్‌తో ఒకసారి చూసుకోండి, మెడికల్ షాపులో దొరుకుతుంది. నెగటివ్ వచ్చినా మాస్కు తీయొద్దు. ఆమెను వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడి, అన్నం ఆమె పక్కన కూర్చుని తినకుండా వచ్చేయండి.